పిడికెడు మనవరాలు

సెలూన్ కుర్చీలో కూర్చున్నవాడికి మాట్లాడే అవకాశం ఉండదన్నది ఆ వీధిలో అందరికీ తెలిసిన సంగతే. మెడకు గుడ్డ బిగించి, మూతి నిండా నురుగు పూసేశాక ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు? మాట్లాడేదంతా ఆ సెలూన్ నడిపే పెద్దాయనే. ఎవరింట్లో కుళాయి కారుతోందో, ఎవరి కుక్క ఎవరి చెప్పు ఎత్తుకుపోయిందో, పక్కవీధి డాక్టరు ఉన్నట్టుండి మీసం ఎందుకు తీసేశాడో, అన్నీ ఆయన నోటనే వినాలి. కొందరు పెరగని జుట్టును కత్తిరించుకోవడానికి కూడా వచ్చేవారంటే అది ఆ కబుర్ల కోసమే. అలాంటి మనిషి నోటికి తాళం వేసుకున్నాడు. షాపులో కత్తెర చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. వచ్చినవాళ్ళు అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెడ దులుపుకుని వెళ్ళిపోతున్నారు.

సంగతేమిటంటే, ఆయనకు మనవరాలు పుట్టింది. సంతోషించాల్సిన కబురే. కాని ఆ పిల్ల రావాల్సినదానికంటే రెండు నెలలు ముందే వచ్చేసింది. ఇక్కడ ఏ కొంపలు మునిగిపోతున్నాయని అంత పరుగో, ఆ పిల్లకే తెలియాలి. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ముక్కుకు ఒక గొట్టం, కాలికి ఒక తీగ, తలకు ఒక టోపీ. నానమ్మ చూసొచ్చి, "పిడికెడు ఉందండీ! పిడికెడంటే పిడికెడే!" అంది, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేతి పిడికిలి చూపించి నవ్వుతూ. అంతే, ఆ పిల్లకు అదే పేరు ఖాయమైపోయింది. పిడికెడు ఇవాళ కళ్ళు తెరిచిందా, పిడికెడు పాలు కక్కిందా, పిడికెడు కాలు తన్నిందా, ఇంట్లో ఇవే మాటలు. పెద్దాయన ఒక్కడే ఆ పేరు పలకడు. "ఆ పాప" అంటాడు, ఎవరో పక్కింటివాళ్ళ పిల్ల అయినట్టు.

ఆయన మొదటిరోజున ఒకసారి వెళ్ళి చూశాడు. లోపలికి పోలేదు, వార్డు తలుపుకున్న అద్దంలోంచి చూశాడు. పెట్టెలో ఒక చెయ్యి కనిపించింది. ఆయన బొటనవేలంత కూడా లేదు ఆ అరచెయ్యి. తిరిగొచ్చి, షాపు తెరిచి, బడిపంతులుగారి గడ్డానికి కత్తి ఆనించాడో లేదో, చెవి కింద ఎర్రటి గీత పడింది. పంతులుగారు "పోనీలెండి, మీరేం కావాలని చేశారా" అన్నారు గాని, పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. చేతికేసి చూసుకున్నాడు. వణుకుతోంది. ఇన్నేళ్ళుగా చెప్పినట్టు విన్న చెయ్యి ఇప్పుడు మాట వినడం లేదు.

ఈ చేతులతో ఆ పాపను ఎత్తుకోవడమా అని ఒక భయం. దాని వెనకాల ఇంకో భయం, అసలైనది అదే. ఆ పాప ఉంటుందా? ఉండకపోతే? అందుకని ఆయన తనలో తాను ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ముందు పిల్ల కాస్త కండ పట్టాలి, గొట్టాలు తీసేయాలి, ఇంటికి రావాలి. అప్పుడు ముద్దు చేస్తాడట. ప్రేమేమన్నా వీధి కుళాయా, కావాల్సినప్పుడు తిప్పుకుందాంలే అని బిగించి కూర్చోవడానికి? ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాలి? ఆసుపత్రికి రమ్మంటే "షాపులో పనుంది" అనేవాడు. పని లేని వేళ కత్తెరలకు నూనె పెట్టేవాడు, పెట్టినవాటికే మళ్ళీ పెట్టేవాడు. ఇంట్లో అందరూ ఆ పిల్ల గురించే మాట్లాడుతుంటే వినలేక, అన్నం షాపుకే తెప్పించుకుని, పడక కూడా ఆ వాలు కుర్చీలోనే వేసుకున్నాడు.

ఇదంతా కోడలి మనసుకు గుచ్చుకుంది. ఆమె రోజూ ఆసుపత్రిలో పిల్లను గుండెకు ఆనించుకుని కూర్చునేది. నెలలు నిండని పిల్లలకు పెద్దవాళ్ళ ఒంటి వెచ్చదనం తగిలితే ఊపిరి కుదురుగా ఉంటుందని, బరువు పెరుగుతారని డాక్టరు చెప్పారు. కూర్చున్నంతసేపూ ఆమె చూపు తలుపు మీదే ఉండేది. ఇంటికి రాగానే, "మామయ్య ఇవాళ కూడా రాలేదేం?" అని అత్తగారిని అడిగేది. ఒకరోజున అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న పెద్దాయనకు, అడగడం మానేసిందని విన్న పూట ముద్ద దిగలేదు.

ఇంతలో కోడలికి జలుబు చేసింది, ఒళ్ళు వెచ్చబడింది. తగ్గేదాకా వార్డు గుమ్మం తొక్కొద్దన్నారు. కొడుకు షాపుకొచ్చి నిలబడ్డాడు. షాపులో రెండో కుర్చీ అతనిదే. వీధిలో అతనికి ఎలుగుబంటి అని పేరు. ఒళ్ళంతా జుట్టే. తండ్రికేమో తల మీదా లేదు, గుండె మీదా లేదు. "మీకు రావాల్సిందంతా మీవాడే పట్టుకుపోయాడండీ" అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు.

"రేపట్నుంచి నేనే కూర్చోవాలి నాన్నా. చొక్కా విప్పేసి, పిడికెడుని ఇలా గుండె మీద పడుకోబెట్టుకోవాలట."

పెద్దాయన కొడుకు కాలర్లోంచి పొడుచుకొస్తున్న జుట్టుకేసి చూశాడు.

"ఆ అడవిలోనా? పాప తప్పిపోదూ!"

చాలా రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి వేళాకోళం అది. కుర్చీ దులిపి, "కూర్చో" అన్నాడు.

ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ నర్సూ అడగలేదు. ఇంకే ఇంటివాళ్ళయినా ఒళ్ళు సబ్బుతో రుద్దుకుని ఊరుకునేవారు. వీళ్ళు అలా ఊరుకునే రకం కాదు, వెంట్రుక కనిపిస్తే చెయ్యి కత్తి మీదకు పోతుంది. పెద్దాయన నురుగు కలిపి, మెడ దగ్గర్నుంచి బొడ్డు దాకా పూశాడు. కొడుకు చక్కిలిగింతలు పుట్టి మెలికలు తిరిగిపోయాడు. "కదలకురా వెధవా, తెగుతుంది" అని తండ్రి కసిరాడు. తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళంతా లేచి చుట్టూ మూగారు. "ఆ పక్కన మిగిలిపోయిందండీ" అని పంతులుగారు వేలు పెట్టి చూపించారు. పెద్దాయన చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పాప కోసం తన చేతనైన పని ఒకటి దొరికింది మరి. చివరకు కొడుకు గుండె తోమిన గిన్నెలా తయారైంది.

"ఇప్పుడు పడుకోబెట్టుకో. మెత్తగా ఉంటుంది" అన్నాడు. తన వంతు తాను చేశానన్న తృప్తితో ఆ పూట అన్నం కూడా కడుపు నిండా తిన్నాడు.

మర్నాడు అంతా బాగానే జరిగింది. నర్సు మాత్రం ఆ గుండెను చూసి పడీ పడీ నవ్విందట. "ఎవరండీ గీయమన్నది? జుట్టుతో మాకేం ఇబ్బంది లేదు, శుభ్రంగా ఉంటే చాలు" అందట. ఆ తర్వాతి రోజున అసలు కథ మొదలైంది. గీసిన జుట్టు ఊరుకుంటుందా? గరుకు కాగితంలా మొలిచింది. దానికి తోడు కత్తికి అలవాటు లేని చర్మం కదా, గుండె నిండా ఎర్రటి పొక్కులు. పిల్లను ఆనించగానే బుగ్గ కందిపోయి కెవ్వుమంది. దాని కెవ్వు కూడా పిల్లికూన అరుపంతే అనుకోండి. అయినా నర్సు ఒప్పుకోలేదు. "ఆ పొక్కులు మానాలి, ఆ మొలకలు మెత్తబడాలి. అప్పటిదాకా మీరు ఆవిడ దగ్గరికి రావద్దు" అని కొడుకును లేపేసింది. పిడికెడును "ఆవిడ" అంటుందట ఆ నర్సు. పిల్ల మళ్ళీ పెట్టెలోకి వెళ్ళిపోయింది.

నానమ్మ షాపుకొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, చేతిలో రుమాలు.

"ఏవండీ, మీరు చేసిన ఘనకార్యం చాలు. చొక్కా మార్చుకుని బయల్దేరండి."

"నేనా? నానమ్మవి నువ్వు లేవూ?"

"నాకు తుమ్ములు. కోడలి జలుబు నాకంటుకుంది. గుమ్మం దగ్గరే ఆపేశారు." ఆమె మళ్ళీ తుమ్మి, ముక్కు తుడుచుకుంది. "ఇంటికి రాకుండా ఇక్కడ దాక్కున్నారుగా, అందుకని జలుబూ పొక్కులూ లేని మనిషి మీరొక్కరే. ఒంటి మీద వెంట్రుక లేని మనిషి కూడా మీరొక్కరే. ఇంక ఏం చెప్పి తప్పించుకుంటారో చెప్పండి, వింటాను."

కుర్చీలో నురుగుతో ఉన్న పంతులుగారు నవ్వు ఆపుకోలేక బుడగలు ఊదారు. పెద్దాయనకు నవ్వు రాలేదు. రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు.

"చూడు. వణుకుతున్నాయి."

"వణకనివ్వండి."

"అది కాదే. దాన్ని ఎత్తుకున్నాక, ఒకసారి దగ్గరికి తీసుకున్నాక, తర్వాత ఏదన్నా అయితే?"

నానమ్మ వెళ్ళి, ఖాళీగా ఉన్న కొడుకు కుర్చీలో కూలబడింది.

"ఏదన్నా అయితే ఏడుస్తాం" అంది. "ఎత్తుకోకపోతే మాత్రం మీరు ఏడవరా?"

పెద్దాయన పంతులుగారి గడ్డం పూర్తిచేయకుండానే గుడ్డ విప్పేశాడు. ఆ రోజు పంతులుగారు సగం గడ్డంతో బడికి వెళ్ళారు.

వార్డు బయట చేతులు మోచేతుల దాకా కడుక్కోమన్నారు. కడగడంలో ఆయనకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య, మణికట్టు చుట్టూ ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఇంకోసారి సబ్బు అందుకోబోతుంటే నర్సు వచ్చి కుళాయి కట్టేసింది. ఆమె పొట్టి మనిషి, గొంతు మెల్లనిదే గాని ఎదురు చెప్పనిచ్చేది కాదు.

"చాలు తాతగారూ. తోలు ఊడొస్తుంది. రండి, ఇలా కూర్చోండి. చొక్కా విప్పండి." విప్పాక చూసి ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇది కూడా గీసేశారా?"

"లేదమ్మా, పుట్టుకతోనే ఇంతే."

"అమ్మయ్య." ఆమె ఆయన చేతుల్ని కూడా చూసింది. "చేతుల సంగతి వదిలేయండి. కుర్చీ పట్టుకుని కూర్చోండి, మిగతాది నేను చూసుకుంటా."

పెద్దాయన వెనక్కి వాలి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తన కుర్చీలో మొదటిసారి కూర్చున్న పిల్లలు అలాగే పట్టుకుంటారు. నర్సు గాజుపెట్టె తెరిచింది. తీగలు సర్దింది, గొట్టం సర్దింది, పిల్లను తెచ్చి ఆయన గుండె మీద బోర్లా పడుకోబెట్టి, పైన మెత్తటి గుడ్డ కప్పింది. వేడినీళ్ళలో ముంచి పిండిన చిన్న తువ్వాలును ఎవరో పరిచినట్టుంది. తువ్వాలు కదలదు. ఇది కదిలింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, బుగ్గను అటూ ఇటూ రాసి, సరైన చోటు దొరికిందన్నట్టు ఆగింది.

"మాట్లాడండి" అంది నర్సు. "మెల్లగా. గొంతు వింటూ ఉంటే వాళ్ళకు బాగుంటుంది."

ఏం మాట్లాడాలి? ఊరంతటితో మాట్లాడిన మనిషికి ఒక్క మాట తట్టలేదు. గుండె మీదున్న టోపీకేసి చూశాడు. టోపీ అంచు కింద నూగులాంటి జుట్టు కనిపించింది. చివరికి ఆయన నోట్లోంచి వచ్చింది ఇదీ:

"ఎలా చేయమంటారు?"

నర్సు తల తిప్పి చూసింది.

"పైన కొంచెం తగ్గించి, పక్కలు అలాగే ఉంచేయమంటారా?"

ఆమె పక్కనున్న ఇంకో గాజుపెట్టె వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. అంతే, పెద్దాయనకు దారి దొరికింది. చిన్న గొంతుతో మొదలుపెట్టాడు. పక్కవీధి డాక్టరు మీసం సగం కాలిపోయి తీసేశాడు గాని పైకి చెప్పడని, పంతులుగారు ఇప్పుడు సగం గడ్డంతో పాఠం చెబుతుంటారని, మీ నాన్న ఎలుగుబంటి అని, వాణ్ణి గిన్నెలా తోమింది తానేనని, అన్నీ చెప్పాడు. ఇన్నాళ్ళూ మింగేసిన మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. పిల్ల కదలకుండా విన్నది. ఆయన కుర్చీలో అంత బుద్ధిగా కూర్చున్నవాళ్ళు ఇంతవరకు లేరు.

ఉన్నట్టుండి, తీగల చివరనున్న మిషను కూత పెట్టింది. గుండె మీద మెల్లగా పైకీ కిందికీ కదులుతున్న ఆ వీపు ఆగిపోయింది. పెద్దాయన చటుక్కున తలెత్తాడు. నర్సు అప్పటికే పక్కన నిలబడి ఉంది.

"ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది, అంతే. ఈ వయసులో మర్చిపోతుంటారు. వీపు మెల్లగా నిమరండి."

"నేనా?"

"మీ చెయ్యే దగ్గరుంది. నిమరండి."

ఆమె చెయ్యి కూడా సిద్ధంగానే ఉంది, కాని ముందుకు రాలేదు. పెద్దాయన కుర్చీని వదిలాడు. గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఒక్క వేలితో ఆ చిన్న వీపును కిందికి ఒకసారి నిమిరాడు. ఇంకోసారి నిమిరాడు. వీపు ఉలిక్కిపడ్డట్టు కదిలింది. గాలి లోపలికి వెళ్ళింది. మిషను కూత ఆపింది.

"చూశారా" అంది నర్సు. "గుర్తుచేస్తే చాలు."

"ఒసేయ్ పిడికెడా!" అన్నాడు పెద్దాయన. ఆ పేరు తన నోట వచ్చిందని కూడా ఆయనకు తెలియలేదు. "ఊపిరి తీసుకోవడం మర్చిపోతారటే ఎవరైనా? మీ నాన్న బడికి పోతూ పలక మర్చిపోయేవాడు, పుస్తకం మర్చిపోయేవాడు, ఒకసారి చెప్పులు కూడా మర్చిపోయాడు. వాడు కూడా ఇది మర్చిపోలేదే!" వెనక్కి వాలి ఉన్నాడేమో, కన్నీళ్ళు రెండు పక్కలా చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయాలి. చెయ్యి పిల్ల వీపు మీద ఉంది. తీయలేదు.

ఆ రోజునుంచి పెద్దాయనను పట్టేవాళ్ళు లేరు. పొద్దున్నే ఆసుపత్రి, ఆ తర్వాతే షాపు. షాపులో అందరికంటే ముందు పిడికెడు కబుర్లే. ఇవాళ ఆవలించిందంటాడు, ఆవలింత ఎంత పెద్దదో తన నోరు తెరిచి చూపిస్తాడు. ఇవాళ ఒక్కసారి కూడా ఊపిరి మర్చిపోలేదంటాడు, పరీక్ష నెగ్గిన పిల్ల గురించి చెప్పినట్టు. బరువు పెరిగిందని తెలిసిన రోజున వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే తలకు నూనె పెట్టి మర్దన చేశాడు. పంతులుగారు కళ్ళు మూసుకుని, "ఆ పిల్ల రోజూ ఇలాగే పెరగాలి" అన్నారు.

కొడుకు రోజూ వచ్చి చొక్కా గుండీలు విప్పి నిలబడేవాడు.

"పొక్కులు మానిపోయాయి నాన్నా. మెత్తగానే ఉంది. రేపు నేను వెళ్తా."

పెద్దాయన వేళ్ళతో తడిమి చూసి పెదవి విరిచేవాడు. "ఉహూఁ. ఇంకా గుచ్చుకుంటోంది."

"ఏం గుచ్చుకోవడం లేదు! నర్సు కూడా సరే అంది!"

"ఆవిడకేం తెలుసురా, గడ్డాలు చూసేది నేనా ఆవిడా?" అనేవాడు మొహం తిప్పుకుని. వృత్తిలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో. నానమ్మకు అంతా అర్థమైంది గాని, కొడుకుకు కన్ను గీటి ఊరుకుంది.

ఒకరోజు పొద్దున పెద్దాయన పిల్లను గుండె మీద వేసుకుని, డాక్టరుగారి మీసం కథ మరోసారి చెబుతున్నాడు. తలుపు తెరుచుకుంది. కోడలు. జ్వరం తగ్గి లేచిన మొహం, చిక్కిపోయింది. చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే వచ్చి నిలబడింది. పిల్లను చూసింది. తర్వాత మామగారిని చూసింది. ఈ ఘడియ వస్తుందని పెద్దాయనకు తెలుసు.

"నా మీద కోపంగా ఉందామ్మా?" అన్నాడు.

"ఉంది మామయ్యా." ఆమె దాచలేదు. "రోజూ ఆ తలుపుకేసి చూసేదాన్ని. ఎవరొచ్చినా మీరేమో అనుకునేదాన్ని. దీన్ని మీరు మన పిల్లని అనుకోవడం లేదేమో అనిపించింది."

"భయమేసిందమ్మా. దూరంగా ఉంటే, ఏదన్నా అయినా నొప్పి తక్కువ ఉంటుందనుకున్నా."

"తక్కువైందా?"

"ఎక్కడమ్మా. దీన్ని చూడని రోజులు చేజేతులా పోగొట్టుకున్నా, అంతే."

కోడలు పక్కనున్న కుర్చీలో కూర్చుంది. నర్సు పిల్లను అందుకోవడానికి వచ్చింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఉండమ్మా. నేనిస్తాను."

నర్సు ఒక్క క్షణం ఆగి, తీగలు మాత్రం పట్టుకుంది. ఆయన ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి వీపు కింద పెట్టి మెల్లగా లేచాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. అందరికీ కనిపించేలా వణుకుతున్నాయి. కోడలు తన రెండు చేతులూ ఆయన చేతుల కింద పెట్టింది. పిల్ల తల్లి గుండె మీదకు చేరింది, బుగ్గ అటూ ఇటూ రాసి సర్దుకుంది. ఆయన గుండె మీద పిల్ల పడుకున్నంత మేరా చల్లగా అనిపించింది. చొక్కా తొడుక్కుని, వెళ్ళబోయి, వెళ్ళలేక నిలబడ్డాడు.

"నువ్వొచ్చేశావు కదా, ఇంక నేను..." చివరి గుండీ పెట్టుకున్నాడు. "రేపు కూడా రానామ్మా?"

కోడలు కూతురి తల మీంచి కళ్ళెత్తి చూసింది. నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు.

"రేపెందుకు మామయ్యా? పొద్దున పూట నాది, సాయంత్రం మీది. ఇవాళే రండి."

ఆ సాయంత్రం పెరిగిన గడ్డాలతో వచ్చినవాళ్ళంతా, తండ్రీకొడుకులిద్దరూ ఆసుపత్రికి పోగా మూసి ఉన్న షాపు చూసి, ఆ గడ్డాలతోనే ఇళ్ళకు వెళ్ళారు.